తొలి తూము

మేడారంలో రెండేళ్లకొకసారి మాఘ శుద్ధ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మల జాతర జరుగుతుంది. తక్కిన కాలమంతా అది అడవి నడుమనున్న చిన్న పల్లె. జాతర నాలుగు దినాలూ లక్షలాది భక్తులతో మహానగరాన్ని మరపిస్తుంది. అంతమందికి సరిపడే శాశ్వత భవనాలను అక్కడ ఎవరూ నిర్మించరు. తాత్కాలిక బస్టాండు, వైద్యశాల, గుడారాలు జాతరకు ముందు వెలసి, పిదప తొలగిపోతాయి. క్లౌడ్ కంప్యూటింగ్‌కు మూలసూత్రం ఇదే. కంప్యూటర్ శక్తిని అవసరమున్నంత కాలం అద్దెకు తీసుకొని, అవసరం తీరగానే విడిచిపెట్టవచ్చు.

అయితే గుడారాన్ని ఎత్తినంత సులభంగా దారిని మార్చలేము. ఆ ములుగు ప్రాంతంలోనే ఉన్న రామప్ప చెరువు కాకతీయ సేనాని రేచర్ల రుద్రుని కాలం నాటిది. చెరువు కట్టేనాడు తూమును ఎక్కడ, ఎంత ఎత్తున అమర్చారో, ఏ పొలానికి నీరు పారేదీ ఆనాడే తేలిపోతుంది. కాలువలు, గట్లు దానిని అనుసరించే ఏర్పడతాయి. తూము రాళ్లను పెకలించడం కష్టం కాదు. దానిని నమ్ముకొన్న ఆయకట్టును కదిలించడమే కష్టం.

సాఫ్ట్‌వేర్ నిర్మాణమూ ఇటువంటిదే. అమెజాన్ సంస్థ 2006 మార్చిలో సమాచారాన్ని భద్రపరచే ‘ఎస్‌3’ సేవను ప్రారంభించింది. అందులో ఒక సమాచారాన్ని మార్చిన వెంటనే చదివితే, ఒక్కొక్కసారి పాతదే కనిపించేది. వేగం కోసం, ఎడతెగని లభ్యత కోసం తెలిసి చేసుకొన్న ఏర్పాటది. దానిని తట్టుకొనేందుకు ప్రోగ్రామర్లు ఎవరికి వారు అదనపు కట్టడాలను అల్లుకొన్నారు. 2020 డిసెంబరులో ఆ లోపం తొలగింది. అప్పటికి 14 ఏళ్లు గడిచాయి.

అమెజాన్ తొలి కేంద్రాలు అమెరికాలోని ఉత్తర వర్జీనియాలో వెలిశాయి. తరువాత అనేక దేశాలకు విస్తరించినా, తొలి చోటునే అంటిపెట్టుకొన్న సంస్థలు లెక్కకు మిక్కిలి. 2025 అక్టోబరు 20న, సరిగ్గా దీపావళి నాడు, అక్కడి ‘డైనమోడీబీ’ అనే డేటాబేస్ సేవ చిరునామా నమోదు ఖాళీ అయింది. రెండు స్వయంచాలక ప్రక్రియలు ఒకదానినొకటి తోసుకోవడమే కారణం. గంటల తరబడి స్నాప్‌చాట్, సిగ్నల్ వంటి సేవలు, బ్రిటన్‌లోని కొన్ని బ్యాంకుల సేవలు స్తంభించాయి.

ఇందుకు 2006 నాటి ఇంజనీర్లను నిందించడం న్యాయం కాదు. ఇంతటి ఆయకట్టు ఏర్పడుతుందని వారెట్లు ఊహించగలరు? నడుస్తున్నది కదా అని మిన్నకుండిన తరువాతి వారిదే అసలు బాధ్యత. భూమి పత్రాలు, పింఛన్లు, ఆసుపత్రి వివరాలు క్లౌడ్‌కు చేరుతున్న కాలమిది. ఒక కేంద్రం ఆగితే పని ఎట్లా సాగుతుందో, వేరొక సంస్థకు మారవలసివస్తే దారి ఏదో ప్రభుత్వ శాఖలు ఒప్పందానికి ముందే తేల్చుకోవాలి. అద్దె ఎంత అన్న ప్రశ్న ఆ తరువాతిది.

2022 నవంబరులో హైదరాబాదులోనూ అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు ప్రారంభమయ్యాయి. సమాచారాన్ని ఇక్కడే ఉంచుకోవచ్చు, లెక్కలనూ ఇక్కడే నడుపుకోవచ్చు. కాని ఆ సంస్థ పత్రాల ప్రకారం, ఖాతాలో ఒకరికి కొత్తగా అనుమతి ఇవ్వాలన్నా, ఉన్న అనుమతిని రద్దు చేయాలన్నా ఆ మార్పు నమోదయ్యేది వర్జీనియాలోనే.