గ్రహణాన్ని వదిలి పొట్టేలును నిలదీయండి

ఉదయగిరి కొండ కింద ఒక మందలో ఈమధ్య మొర్రి గొర్రెపిల్ల పుట్టింది. పై పెదవి చీలి, అంగిలి తెరుచుకుపోయి, పాలు చీకలేక పూట తిరక్కుండానే చచ్చిపోయింది. ప్రాణం ఉండగానే దాని నుదుట పసుపు కుంకుమ పెట్టారు, పక్కన చిల్లర వేశారు, ఫోన్లలో వీడియోలు తీశారు. ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ కొట్లో చదువుకున్న ఒకాయన తేల్చేశాడు: "గ్రహణం పూట తల్లి గొర్రెను బయట వదిలేసుంటారు. అయినా బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పిందే కదబ్బా!" చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం దేశమంతా కనబడింది. ఆ రాత్రి వెలికొండల పొడవునా ఆరుబయట పడుకున్న చూడి గొర్రెలకు లెక్కలేదు. గ్రహణానికే ఆ శక్తి ఉంటే తర్వాతి ఈతల్లో మందలకు మందలే మొర్రిపిల్లలు పుట్టాలి. పుట్టలేదు. ఆ వాదానికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

బ్రహ్మంగారిని ఇందులోకి లాగడం చూస్తే ఇంకా కష్టంగా ఉంటుంది. కొండ దాటితే ఆయన ఊరు కందిమల్లాయపల్లె. దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేరదీసి, కులమతాల గోడలు దాటిన మనిషి ఆయన. ఆ గుణం మనకు గుర్తుకు రాదు. వింత దూడ పుట్టిన రోజే ఆయన గుర్తుకొస్తాడు. ఇది భక్తి కాదు, ఆలోచించడానికి బద్ధకం.

ఆ మందలో తర్వాత ఏం జరిగిందో వినండి. తల్లి గొర్రెను అరిష్టమని వచ్చిన ధరకు కోతకు అమ్మేశారు. పొట్టేలు మాత్రం మందలోనే ఉంది. జోడిపి పొట్టేలు, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్లమచ్చలు, మంచి ఎత్తు. దాన్ని చూసి కాపరి మురిసిపోతాడు. నాలుగేళ్లుగా ఆ మందకు అదే దిక్కు. ఆడపిల్ల ఏడాది తిరిగేసరికి ఎదకొస్తుంది. అంటే తన కూతుళ్లనూ, వాటి కూతుళ్లనూ అదే దాటుతోంది. లోపాన్ని మోసే జన్యువు ఒకటి దానిలో దాగి ఉంటే కూతుళ్లలో సగానికి చేరుతుంది. అలాంటి కూతురిని మళ్లీ అదే దాటితే, పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ముప్పు. మేనరికాల గురించి డాక్టర్లు మనకు ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నది ఇదే. ఈ పిల్లకు కారణం కచ్చితంగా అదేనని ఎవరు చెప్పగలరు? పిల్లను కంపల్లో పారేశారు, తల్లిని కోతకు పంపారు, ఆనవాళ్లన్నీ చెరిపేశారు.

ఇక నట్టల మందు. చూలు కట్టిన మొదటి నెలలో గొర్రెకు ఆల్బెండజోల్ తాగించకూడదని పశువైద్యం హెచ్చరిస్తుంది. పిల్ల అవయవాలు ఏర్పడేది ఆ రోజుల్లోనే. మనవాళ్లు మెడికల్ షాపులో డబ్బా కొని, మందను వరసబెట్టి నిలబెట్టి అన్నిటి గొంతులోనూ పోస్తారు. పొట్టేలు ఏడాది పొడవునా మందలోనే తిరుగుతుంటే ఏ గొర్రె ఎప్పుడు కట్టిందో ఎవరికి తెలుసు? నీలినాలుక వైరస్ ఉంది, ఎండాకాలపు మేత కరువు ఉంది. అవీ చూడాల్సినవే.

1950లలో అమెరికాలోని ఇడాహో కొండల్లో ఒంటికన్ను గొర్రెపిల్లలు పుట్టాయి. అక్కడివాళ్లు ఆకాశం వైపు చూడలేదు, తల్లులు మేసిన మేత చూశారు. కార్న్ లిల్లీ అనే అడవి మొక్కను చూలు కట్టిన 14వ రోజున మేసిన గొర్రెలకే అలాంటి పిల్లలు పుడుతున్నాయని తేలింది. ఆ మొక్కలోని విషానికి సైక్లోపమిన్ అని పేరు పెట్టారు. దాని మీద సాగిన పరిశోధన చూపిన దారిలోనే 2012లో ఒక రకం చర్మ క్యాన్సర్‌కు మందు వచ్చింది.

అంత దూరం ఎందుకు? వంగిన కాళ్లను, గారపళ్లను పూర్వజన్మ పాపమనుకున్న రోజుల్లో, 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లా జబ్బు గురించి రాశారు. దోషం బావినీళ్లలోని ఫ్లోరైడ్‌దని చెప్పారు. ఇంతటి పాఠం మన గడ్డ మీదే దొరికింది. అయినా మొర్రి బిడ్డ పుడితే గ్రహణం నాడు కూరగాయలు తరిగిందని ఇప్పటికీ తల్లినే తిడుతున్నాం. గొర్రెకు పట్టిన గతే ఆడమనిషికీ పడుతోంది.

వికారపు పిల్ల పుడితే వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. తండ్రి ఏ పొట్టేలో, మందు ఎప్పుడు పోశారో, ఏ కొండ మీద మేపారో రాసి పెట్టుకోండి. రెండేళ్లకొకసారి పొట్టేలును మార్చండి. ఉదయగిరి మందలూ ఆత్మకూరు మందలూ పొట్టేళ్లు మార్చుకోవచ్చు. ఎలాగన్నది కాపరులూ డాక్టర్లూ కూర్చుని తేల్చుకోవాలి. అమ్మక తప్పదంటే ముందు పొట్టేలును అమ్మండి. తల్లి జోలికి పోకండి.