పరుగెత్తని పోలీసు
ఎనభైల నాటి మెక్సికో చవక పోలీసు సినిమాల్లో నటుడు మారియో అల్మాదా పెద్దగా పరుగెత్తడు. 1922లో పుట్టిన మనిషి, అప్పటికే అరవైకి అటూ ఇటూ. కళ్లు చికిలించి నిలబడతాడు, తుపాకీ తీస్తాడు, అంతే. కుర్ర హీరోకి డబ్బుల్లేక ముసలాయనతో లాగించేశారని నవ్వేవాళ్లున్నారు. నన్నడిగితే ఆ వయసే ఆ సినిమాల అసలు పెట్టుబడి. అవి ఎలాంటి రోజులనీ! 1976 నుంచి 1982 దాకా మెక్సికో సిటీ పోలీసు శాఖను ఏలిన అర్తూరో దురాసో సిహువాతనెహో సముద్రతీరంలో గ్రీకు గుడిలాంటి భవంతి కట్టుకున్నాడు. 1984లో ప్యూర్టోరికోలో దొరికిపోయాడు. ఆయన దగ్గర పనిచేసినవాడే ఆ అవినీతి బాగోతమంతా పుస్తకంగా రాస్తే, తర్వాత అదీ సినిమా అయింది. పెద్దాయనే అలాంటివాడని ఊరంతా తెలిశాక, ఇస్త్రీ నలగని యూనిఫామ్‌లో కుర్ర ఇన్‌స్పెక్టర్ వచ్చి న్యాయం చేస్తానంటే టికెట్టు కొన్నవాడు నమ్ముతాడా? ముడతలు పడ్డ ముఖాన్నయితే నమ్ముతాడు. ఇన్నేళ్లూ లంచాలు మేసి ఉంటే ఈ వయసులో డొక్కు కారేసుకుని ఎండలో దొంగల వెంట పడే ఖర్మ ఈయనకెందుకు అనుకుంటాడు. (కారు డొక్కుదవడానికి నిర్మాత జేబు కూడా కారణమే లెండి.) కండలు చూపించే హాలీవుడ్ పోలీసుల కంటే ఈ అలసిపోయిన మనిషే నాకు నిజం పోలీసులా కనిపిస్తాడు. ఎక్కడైనా దొరికితే, భాష రాకపోయినా, ఒకటి చూడండి.