భద్రాచలం రోడ్‌లో దిగితే భద్రాచలం రాదు

మాది కొత్తగూడెం అంటే హైదరాబాదులో చాలామందికి వెంటనే వెలగదు. "భద్రాచలం రోడ్ స్టేషన్ ఉందే, అదే" అంటే మాత్రం "ఓ, రాముడి గుడి ఉన్న ఊరా!" అంటారు. కాదు మహాప్రభో! స్టేషన్ పేరు భద్రాచలం రోడ్, స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. రాముడు ఉన్నది అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, గోదావరికి ఆవలి గట్టున. రైలు దిగి, బస్సెక్కి, పాల్వంచ మీదుగా అడవి దాటి, వంతెన దాటితే గానీ దర్శనం కాదు. శ్రీరామనవమికి వచ్చిన కొత్తవాళ్ళు ప్లాట్‌ఫాం మీద నిలబడి "గోపురం ఎటువైపండీ?" అని అడగడం మాకు మామూలే.

అయినా రైల్వే వాళ్ళని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. పేరు చివర ఆ "రోడ్" అన్న ముక్క తగిలించారు. "ఇక్కడితో అయిపోలేదు నాయనా, ఇంకా రోడ్డు ప్రయాణం ఉంది" అని బోర్డు మీదే చెప్పేశారు. మన భాషలో చెప్పాలంటే డిపెండెన్సీ డిక్లేర్ చేశారన్నమాట. ఈపాటి మర్యాద, రైలు సిమ్యులేటర్లకి రూట్లూ ఇంజన్లూ పెట్టెలూ తయారుచేసి పంచిన మనవాళ్ళకి లేకపోయింది. ఇవాళ్టి నా ఏడుపంతా దాని గురించే.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. మా బాబాయ్ ముప్ఫయ్యేళ్ళు గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాడు. (2022 నుండి ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఆ పేరు వింటే మా బాబాయికి నవ్వాగదు.) డోర్నకల్, కారేపల్లి, కొత్తగూడెం, మణుగూరు... బొగ్గుబళ్ళ వెనకాల బ్రేక్‌వ్యాన్‌లో ఊగుతూ ఎన్ని రాత్రులు తిరిగాడో ఆయనకే లెక్క తెలియదు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు, స్టేషన్ దాకా కూడా రాలేడు.

"ఒరేయ్, మన లైను నీ కంప్యూటర్లో ఉందన్నావు గదా, చూపియ్యరా ఓసారి" అన్నాడు.

ఉంది మరి! 2005లో ఒకబ్బాయి తయారుచేసిన డోర్నకల్-మణుగూరు రూటు సీడీలో దాచుకున్నాను. మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్ కోసం చేసింది. ఆ ఆట 2001లో వచ్చింది. రెండో భాగం వస్తోందని రెండుసార్లు ప్రకటించి రెండుసార్లూ మానేశారు, రెండోసారి 2009లో ఆ స్టూడియోనే మూసేశారు. అయితేనేం, ఓపెన్ రైల్స్ అని కొందరు ఔత్సాహికులు జి.పి.ఎల్. లైసెన్సుతో కొత్త సిమ్యులేటర్ రాశారు, పాత రూట్లన్నీ అందులో నడుస్తాయి. లాప్‌టాప్‌లో ఎక్కించాను. బాబాయిని కుర్చీలో కూర్చోబెట్టాను. పిన్ని టీ కూడా తెచ్చింది. బండి బయల్దేరింది.

"ఏందిరా, ఇంజనొక్కటే పోతంది? లోడేది?"

చూస్తే నిజమే. వెనక ఒక్క వ్యాగనూ లేదు. స్టేషన్ ఉండాల్సిన చోట ఖాళీ నేల. పట్టాల పక్కన మన టేకు చెట్లూ ఇప్పచెట్లూ లేవు, అమెరికా మంచుకొండల్లో ఉండే శంకు ఆకారం చెట్లు అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. హారన్ కొడితే మన ఆల్కో ఇంజన్ గొంతు రాలేదు, అసలు ఏ గొంతూ రాలేదు. బాబాయ్ కళ్ళజోడు సర్దుకుని తెరకి దగ్గరగా వంగాడు.

"నా బ్రేక్‌వ్యాన్ ఏదిరా? గార్డు లేకుండా బండెట్టా కదిలింది?"

నా దగ్గర జవాబు లేదు. టీ చల్లారిపోయింది.

ఆ రాత్రి ఓపెన్ రైల్స్ డెస్క్‌టాప్ మీద పడేసిన లాగ్ ఫైలు తెరిచాను. రెండు వందలకి పైగా వార్నింగులు. ఏం జరిగిందో ఈ లోకంతో పరిచయం లేనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. ఈ ఆటలో ఒక బండి అంటే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. దాన్ని కన్సిస్ట్ అంటారు. అందులో "ఫలానా ఫోల్డర్లో ఫలానా ఇంజను, ఫలానా ఫోల్డర్లో ఫలానా పెట్టె" అని పేర్లు తప్ప ఇంకేం ఉండవు. పెట్టె మీ డిస్కులో లేకపోతే ఓపెన్ రైల్స్ లాగులో ఒక ముక్క రాసి, దాన్ని వదిలేసి, ఉన్నవాటితో బండి నడిపేస్తుంది. స్టేషన్లూ చెట్లూ సిగ్నళ్ళూ అంతే, పేరు ఉంటుంది, వస్తువు ఇంకెక్కడో ఉంటుంది.

ఇంకా తమాషా ఏంటంటే, ఆ రోజుల్లో మనవాళ్ళు చేసిన ఇంజన్లలో చాలావాటికి సొంత క్యాబిన్, సొంత శబ్దం ఉండేవి కావు. ఆటతో పాటు వచ్చిన అమెరికా డాష్-9 ఇంజను ఫోల్డర్లోకి దారి చూపించి చేతులు దులుపుకునేవాళ్ళు. అంటే బయటికి కాజీపేట షెడ్డు డీజిలు, లోపల కూర్చుంటే మోంటానా! అసలు ఆట ఉన్నంత కాలం ఎవరికీ తెలియలేదు. ఇప్పుడా ఆట కొత్తగా అమ్మడం లేదు, అందులోని ఫైళ్ళు ఓపెన్ రైల్స్ వాళ్ళు పంచకూడదు. అందుకే మా బాబాయ్ ఇంజను మూగబోయింది.

సరే, సీడీలో రీడ్‌మీ ఉంది కదా, చదువుదాం అనుకున్నాను. ఉంది. "ఈ రూటుకి కావలసిన మిగతా ప్యాకులు గ్రూపులో దొరుకుతాయి" అని ఒకే ఒక్క వాక్యం. ఏ ప్యాకులు? ఏ వెర్షను? ఎవరు చేశారు? ఏమీ లేదు. ఆ గ్రూపు యాహూ గ్రూప్స్‌లో ఉండేది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో పూర్తిగా మూతబడింది, దాచిన ఫైళ్ళు అంతకుముందే పోయాయి. జియోసిటీస్ 2009లోనే పోయింది, ర్యాపిడ్‌షేర్ 2015లో పోయింది. ఎవరో ఒకరు శాశ్వతంగా సర్వరు నడుపుతారని మన నమ్మకం! సొంత సర్వర్లున్న వాళ్ళ గతి కూడా అంతే. విమాన సిమ్యులేటర్ల వాళ్ళకి పెద్ద దిక్కైన ఆవ్‌సిమ్ సైటుని 2009 మేలో ఒక హ్యాకర్ ధ్వంసం చేశాడు. వాళ్ళకి రెండు సర్వర్లుండేవి, ఒకదానికొకటి బ్యాకప్. రెండూ ఒకేసారి పోయాయి.

ఇప్పుడు అసలు పోట్లాటకి వస్తాను. ఈ మాటెత్తితే వెంటనే మూడు సమాధానాలొస్తాయి.

మొదటిది: "ఫ్రీగా ఇచ్చింది, నోరుమూసుకుని తీసుకో." అన్నదానం చేసేవాణ్ణి ఉప్పెందుకు తగ్గిందని అడగకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఆకేసి, నీళ్ళు చల్లించి, "అన్నం పక్క ఊళ్ళో ఉంది, ఊరి పేరు గుర్తులేదు" అంటే అది అన్నదానం కాదు కదండీ! నేను ఆ అబ్బాయిని ఇంకో రూటు చెయ్యమనడం లేదు. రెండేళ్ళు రాత్రులు కూర్చుని పట్టాలేసినవాడు, ఇంకో గంట కూర్చుని జాబితా రాసుంటే చాలు అంటున్నాను.

రెండోది: "ఎవరి మోడల్ వాళ్ళది, అనుమతి లేకుండా ప్యాకులో ఎలా కలుపుతాం?" ఇది న్యాయమైన ప్రశ్నే. అప్పట్లో ఫ్రీగా ఇచ్చిన మోడళ్ళని సీడీల్లో వేసి అమ్ముకున్న ఘనులు ఉన్నారు, చేసినవాళ్ళకి ఒళ్ళు మండింది. దాంతో అందరూ రీడ్‌మీలో "నా అనుమతి లేకుండా ఇంకెక్కడా పెట్టరాదు" అని రాయడం మొదలెట్టారు. దొంగలు ఆ వాక్యం చదివి ఆగలేదు, ఆగింది మర్యాదస్తులే. మన చట్టం ప్రకారం కాపీరైటు రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళు. అనుమతి అడుగుదామంటే మెయిల్ ఐడీ చచ్చిపోయింది, మనిషి ఎక్కడున్నాడో తెలియదు. అంటే ఒక బొగ్గు వ్యాగన్ బొమ్మని న్యాయంగా ఇంకొకరికి ఇవ్వాలంటే మన మనవలు ముసలివాళ్ళవ్వాలి. "అమ్మకూడదు, మార్చకూడదు, నా పేరు తీసెయ్యకూడదు, ఇలాగే ఎవరికైనా ఇచ్చుకోవచ్చు" అని రాస్తే సరిపోయేది. ఆ మాటే చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుండీ ఉన్నాయి.

మూడోది: "ఇప్పుడన్నీ ఆటోమేటిక్ గురూ, ఆ రోజులు పోయాయి." కొంత నిజం. ట్రెయిన్జ్ అనే ఆటలో ప్రతి వస్తువుకీ క్యూయిడ్ అని ఒక నంబరుంటుంది, చేసినవాడి నంబరు, వస్తువు నంబరు కలిపి. ఏ రూటు ఏ నంబర్ల మీద ఆధారపడిందో అదే లెక్క రాసుకుంటుంది, వాళ్ళ సర్వర్లో ఉన్నవాటిని అదే దించుకుంటుంది. మంచి పద్ధతి, చేతులెత్తి దండం పెడతాను. కానీ ఎవరైనా తన సొంత సైట్లో మాత్రమే పెట్టుకున్న వస్తువైతే? "లేదు" అని మాత్రం చెప్తుంది, ఎక్కడుందో చెప్పలేదు. తప్పిపోయిన పిల్లాడి పేరు తెలిసింది, ఇల్లు తెలియలేదు. ఇక డబ్బులకి అమ్మే డి.ఎల్.సి.ల లోకంలో, ఒక సినారియో ఆడాలంటే ఇంకో రెండు రూట్లు కొనాలి, అందులో ఒకటి అమ్మకంలోంచి తీసేస్తే అంతే సంగతులు.

ఇదంతా రైలు పిచ్చోళ్ళ గొడవ అని నవ్వుకునేవాళ్ళకి ఒక ప్రశ్న. 2016 మార్చిలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల జావాస్క్రిప్ట్ ముక్కని ఒకాయన ఎన్.పి.ఎమ్. నుండి తీసేస్తే ప్రపంచమంతా బిల్డులు విరిగిపడ్డాయి, గుర్తుందా? ఆ తర్వాత లాక్ ఫైళ్ళు, సొంత మిర్రర్లు, హ్యాష్‌లు అంటూ మనం ఎంత నేర్చుకున్నాం! ఆఫీసులో జూనియర్ కుర్రాడు "నా మెషీన్లో పనిచేస్తోంది" అంటే మనం ఊరుకుంటామా? రీడ్‌మీలో "మిగతావి నెట్‌లో దొరుకుతాయి" అని రాస్తే కోడ్ రివ్యూలో నాలుగు తగిలించమూ? ఈ రూట్లూ మోడళ్ళూ చేసినవాళ్ళలో చాలామంది మనలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళే. పగలు నేర్పిన బుద్ధి సాయంత్రం ఇంటికొచ్చాక ఏమైందని నా ప్రశ్న.

దొంగని ఇంకెక్కడో వెతకనక్కర్లేదు, నేనూ దొంగనే. 2006లో నేనూ ఒక బాక్స్-ఎన్ వ్యాగన్‌కి బొగ్గుమసి రంగులేసి ఒక ఉచిత హోస్టింగ్‌లో పెట్టాను. రీడ్‌మీలో నేను రాసిన మొదటి వాక్యం "అనుమతి లేకుండా ఇంకెక్కడా పెట్టరాదు". ఆ హోస్టింగ్ ఎప్పుడు పోయిందో కూడా గమనించలేదు. ఐదారేళ్ళ తర్వాత ఎవరో కాలేజీ కుర్రాడు "అన్నా, ఆ వ్యాగన్ ఉంటే పంపవా, అది లేక నా బండి రావట్లేదు" అని మెయిల్ రాశాడు. రిలీజు హడావిడిలో ఉన్నాను, జవాబివ్వలేదు. ఆ సంక్రాంతి రాత్రి లాగ్ ఫైల్లో లేని వ్యాగన్ల జాబితా చదువుతుంటే, ఒక పేరు ఎక్కడో చూసినట్టనిపించింది. నా వ్యాగనే!

ఇందులో పోయింది ఆట ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తిస్తే, దాన్ని మొయ్యడానికి 1888లో డోర్నకల్ నుండి పడ్డ పట్టాలివి. సింగరేణి అన్న పేరు కూడా ఆ దారిలోని ఊరిదే. ఇవాళ ఆ దారి మీద కరెంటు తీగలున్నాయి, పాత లివర్ క్యాబిన్లు పోయాయి, కొత్తగా సత్తుపల్లి దాకా బొగ్గు లైను పడింది. మార్పు మంచిదే. కానీ ఆ అబ్బాయి ఒక చిన్న స్టేషన్ క్యాబిన్‌ని టేపు పెట్టి కొలిచి, ఫోటోలు తీసి, మెట్లతో సహా మోడల్ చేశాడు. అసలు క్యాబిన్ని కూలగొట్టేశారు. ఇక మిగిలింది ఆ మోడలే. అదీ "గ్రూపులో దొరుకుతుంది"!

భద్రాచలం పేరెత్తాం కాబట్టి రామదాసు దగ్గరే నేర్చుకుందాం. గోల్కొండ చెరసాలలో ఉండి అంత కోపంలో పాడుతూ కూడా ఆయన లెక్క తప్పలేదు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికి ఎన్ని వరహాలయ్యాయో వరసగా చెప్పాడు. మనకి అంత కష్టం కూడా లేదు. జాబితాలో వస్తువు పేరు, వెర్షను, చేసినవారు, ఫైలు సైజు, హ్యాష్ రాయండి. లింకు ఇవ్వండి కానీ లింకునే నమ్ముకోకండి. ఏమీ లేని మెషీన్లో ఒకసారి ఎక్కించి చూడండి. "ఇలాగే పంచుకోవచ్చు" అన్న వాక్యం ఒకటి చేర్చండి.

పండగ మర్నాడు బాబాయికి ఈ సోదంతా చెప్తే నింపాదిగా విన్నాడు. "మా దాంట్లో ఆఖరి పెట్టెకి ఎల్.వి. అని బోర్డుంటదిరా. లాస్ట్ వెహికిల్. బండి దాటేప్పుడు స్టేషన్ మాస్టరు ఆ బోర్డు చూస్తాడు. బోర్డు కనపడకపోతే పెట్టెలు ఎక్కడో తెగి ఉండిపోయినట్టే. వెనక బండికి లైన్ క్లియర్ ఇయ్యడు. మీ వాళ్ళకి ఆ బోర్డు లేదా?" అన్నాడు.

లేదు బాబాయ్. నూట ముప్ఫయ్యేళ్ళ పైబడిన లైను మీద నీకు తెలిసిన సంగతి మాకు ఇంకా తెలియలేదు.

ప్రస్తుతానికి నేను చేసింది ఒక్కటే. అటక మీది సీడీల్లో వెతికి నా వ్యాగన్ పట్టుకున్నాను. రీడ్‌మీలో ఆ మొదటి వాక్యం కొట్టేసి, ఎవరైనా ఎవరికైనా ఇచ్చుకోవచ్చని రాసి మళ్ళీ పెట్టాను. మీ అటకల మీద కూడా ఉంటాయి, చూడండి. ముఖ్యంగా గూడ్సు బ్రేక్‌వ్యాన్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. బండికి వ్యాగన్లు కొన్ని దొరికాయి గానీ, మా బాబాయ్ ఎక్కడానికి ఇంకా చోటు లేదు.