మనసు వైద్యం ఊరి ఆసుపత్రికే రావాలి

మానసిక రుగ్మత పట్ల సిగ్గు అన్ని సమాజాల్లోనూ ఉన్నదే అయినా, ఆ సిగ్గు ఎవరి మీద పడుతుందన్నది సమాజాన్ని బట్టి మారుతుంది. తెలుగునాట అది రోగితో ఆగక ఇంటిల్లిపాదికీ, ముఖ్యంగా పెళ్లీడుకొచ్చిన పిల్లలకూ చుట్టుకుంటుంది. అందుకే చెల్లెలికి సంబంధం కుదిరేదాకా అన్న వైద్యం వాయిదా పడుతుంది, మందుల చీటీ బీరువాలో చీర మడతల కింద దాగుతుంది.

ఈ సిగ్గు రోగి చెప్పుకునే మాటను కూడా మారుస్తుంది. మనసులోని బాధ ఒంటి బాధగా బయటపడడాన్ని వైద్యశాస్త్రం సొమటైజేషన్ అంటుంది. బెంగళూరు రోగులపై జరిగి 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో, దిగులు లక్షణాలు ఎక్కువగా ఉన్నవారిలో నలుగురిలో చులకనవుతామన్న భయం హెచ్చుగానూ, ఒంటి బాధలు ఎక్కువగా ఉన్నవారిలో తక్కువగానూ కనిపించింది. తలనొప్పికీ గుండెదడకూ సానుభూతి దొరికే చోట దిగులుకు ‘పిచ్చి’ అన్న ముద్ర పడుతుంది. కాబట్టి ఒళ్లు నొప్పులని, నిద్ర పట్టడం లేదని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చేవారిలో కొందరు, చెప్పుకోవడానికి వీలున్న బాధనే చెప్పుకుంటున్నారని గ్రహించాలి.

మాట మారితే మౌనం వీడుతుందనడానికి జపాన్ నిదర్శనం. అక్కడ ‘మనసు చీలిన జబ్బు’ అన్న అర్థంలో పిలుస్తూ వచ్చిన స్కిజోఫ్రెనియాకు, రోగుల కుటుంబాల సమాఖ్య కోరిక మేరకు 2002లో ‘సమన్వయం తప్పిన స్థితి’ అన్న అర్థం గల పేరు పెట్టగా, తమ జబ్బేమిటో వైద్యుల ద్వారా తెలుసుకున్న రోగులు సుమారు 37 శాతం నుంచి 2004 నాటికి దాదాపు 70 శాతానికి పెరిగారు.

భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, మానసిక వైద్యాన్ని ప్రాథమిక స్థాయి నుంచే సాధారణ వైద్యంలో కలపాలని నిర్దేశిస్తోంది. 23వ సెక్షన్ రోగి వివరాల గోప్యతకు హక్కు కల్పిస్తోంది. ఈ రెండు సెక్షన్ల స్ఫూర్తితో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, వేరే బోర్డు గానీ వేరే వరుస గానీ లేకుండా, బీపీ, షుగర్ చూసే ఓపీలోనే దిగులు గురించి అడిగి, మందులు అక్కడే ఇచ్చే ఏర్పాటు చేయాలి. ఏఎన్ఎంలకూ ఆశా కార్యకర్తలకూ అందుకు తగిన శిక్షణ ఇవ్వాలి. పత్రికలూ సినిమాలూ ‘పిచ్చాసుపత్రి’ అన్న మాటను విడిచిపెట్టాలి, మానసిక ఆసుపత్రి ఉన్న ‘ఎర్రగడ్డ’ పేరును తిట్టుగా వాడడం మానాలి.

అంతవరకూ ఎవరూ ఒంటరిగా కుమిలిపోనక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. సంబంధాలు కలిపే పెద్దలు షుగర్ మందు మాట విన్నంత నిబ్బరంగా మనసు మందు మాటా వినాలి. వారు అలా విన్న ఇంట అన్న వైద్యం చెల్లెలి పెళ్లి కోసం ఆగదు.