నూనె ఆగినా తిరగవలసిన చక్రాలు



చెరకు గానుగ పళ్ళచక్రాలకు నూనె తగ్గితే ఏమౌతుందో మన అనకాపల్లి ప్రాంతపు రైతులకు చెప్పనక్కరలేదు. కీచుమని అరుస్తాయి, వేడెక్కుతాయి. వెంటనే మోటారు ఆపి నూనె పోస్తాము. సముద్రం మీద ఎగిరే హెలికాప్టరు అలా ఆగగలదా?

హెలికాప్టరు ఇంజను నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. పైనున్న పెద్ద రెక్కలు తిరిగేది కొన్ని వందలసార్లే. ఈ వేగాన్ని తగ్గించి రెక్కలకు అందించేది గేరుబాక్సు. అందులోని నూనె రాపిడిని తగ్గించి, వేడిని మోసుకుపోతుంది.

2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డిగారి హెలికాప్టరు కూలిన సంగతి మనం మరువలేదు. వాతావరణం వలన, బలంగా కిందికి తోసిన గాలిలో చిక్కి అది కూలిందని విచారణ సంఘం తేల్చింది. అయితే అంతకుముందు పైలట్లు గేరుబాక్సు నూనె ఒత్తిడి విషయమై ఏమి చేయాలో పుస్తకంలో వెదకుతూ కొన్ని నిమిషాలు గడిపారని కూడ ఆ నివేదికలో ఉన్నది.

మరి నూనె నిజంగానే పోతే? అదే సంవత్సరం మార్చి 12న కెనడా తూర్పు తీరాన, సముద్రంలోని చమురు బావులకు పనివారిని తీసుకువెళ్తున్న ఎస్-92 హెలికాప్టరులో ఆ పని జరిగింది. నూనె ఫిల్టరు గిన్నెను పట్టి ఉంచే టైటానియం బోల్టులు విరిగి, నూనె కారిపోయింది. సుమారు 11 నిమిషాలకు అది సముద్రంలో పడింది. 18 మందిలో ఒక్కరే బ్రతికారు. ఆ బోల్టులు మార్చమని తయారీదారులు జనవరిలోనే చెప్పారు గాని, ఏడాది వరకు గడువిచ్చారు.

కమ్మరి కాల్చి నీళ్ళలో ముంచిన కొడవలి గట్టిపడుతుంది. అది మరల నిప్పులో పడితే పదును నిలువదు. గేరు పళ్ళు కూడ అంతే. వాటి పైపొరకు కర్బనం పట్టించి గట్టిపరచి, లోపలిభాగం విరగకుండ ఉంచుతారు. చాలాకాలంగా వాడుకలోనున్న 9310 రకం ఉక్కు సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ గట్టిదనం కోల్పోనారంభిస్తుంది. మాలిబ్డినం, రాగి ఎక్కువగా కలిపిన పైరోవేర్ 53 వంటి ఉక్కులు సుమారు 200 డిగ్రీల వరకు తట్టుకొంటాయి.

పెద్ద హెలికాప్టర్లు నూనె పోయినా 30 నిమిషాలు ఎగరగలగాలని నియమమున్నది. ఎస్-92లో నూనె పూర్తిగా పోవడం బహు అరుదని తలచి, ఆ పరీక్ష నెగ్గకపోయినా ఆమోదించారు. వేడిని తట్టుకొనే ఉక్కు పైలట్టుకు దిగే చోటు వెదకుకొనే వ్యవధినిస్తుంది. కాని ఎంత మంచి ఉక్కు వచ్చినా, ఎగిరేముందు ప్రతి బోల్టూ చూచే మెకానిక్ పని తగ్గదు.