ధైర్యం చెబితే చాలదు

సంపాదకులకు,

మానసిక ఆరోగ్యంపై మీరు ప్రచురించిన వ్యాసం సకాలంలో వచ్చింది. అయితే కుంగుబాటుకు మనోధైర్యమే మందన్న రచయిత మాటతో ఏకీభవించలేను. కుంగుబాటు పిరికితనం కాదు. మందులతో, కౌన్సెలింగ్‌తో నయం చేయగల జబ్బు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తి ఎగతాళి చేసే మన అలవాటే ఎందరినో డాక్టరు గడప తొక్కనివ్వడం లేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కుగా గుర్తించింది. ఆత్మహత్యకు యత్నించినవారిని ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలంది. ఈ సంగతి ఎందరికి తెలుసు?

2022లో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రతి బడిలో, రేషన్ దుకాణంలో, బస్టాండులో కనబడాలి. మీ పత్రికలోనూ రోజూ ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకురాలు, ఏలూరు