ఆకారం అందరిదీ, సంతకం ఒక్కరిదే

చేతి తయారీ కత్తులను ఇష్టపడే అమెరికన్లలో బాబ్ లవ్‌లెస్ పేరు తెలియనివారు అరుదు. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పనిచేసి 2010లో కన్నుమూసిన ఆయన వేటకత్తులు ఇప్పుడు వేల డాలర్లు పలుకుతున్నాయి. అంత పెట్టలేనివారు అదే రూపంలో, అంతగా పేరు లేని తయారీదారు చేత కొన్ని వందల డాలర్లకు ఒక కత్తి చేయించుకుంటే, దాన్ని ‘నకలు’ అని తీసిపారేసేవారు ఉన్నారు. ఆ మాట అన్యాయమని నా అభిప్రాయం. పనిముట్టు రూపాన్ని అనుసరించడం వేరు, చేసినవారి పేరును దొంగిలించడం వేరు. మొదటిది ఈ వృత్తిని బతికించిన పద్ధతి, రెండోది మోసం. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్ల నష్టపోతున్నది నిజాయితీగా పనిచేసే చిన్న తయారీదారులూ, ఉన్న డబ్బులో మంచి కత్తి కావాలనుకునే కొనుగోలుదారులూ.

ఈ వృత్తి చరిత్రే అందుకు సాక్ష్యం. 1930లలో మిషిగన్‌లోని ఒక సరస్సు దగ్గర ఒకాయన పడవ మీది రంగును కత్తితో గోకుతుండగా బో రాండల్ చూశారు. అంత మొరటు పనిలోనూ దాని వాదర చెక్కుచెదరలేదు. అది బిల్ స్కేగెల్ చేసిన కత్తి. అలాంటిది తానూ చేయాలని పూనుకున్న రాండల్ ఫ్లోరిడాలోని ఓర్లాండోలో కత్తుల తయారీకి దిగారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన కత్తులు అమెరికన్ సైనికుల మధ్య పేరు తెచ్చుకున్నాయి. 1953లో, ఓడల్లో పనిచేసే యువకుడు లవ్‌లెస్ న్యూయార్క్‌లోని ఆబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణంలో రాండల్ కత్తి అడిగితే, తొమ్మిది నెలలు ఆగాలన్నారు. ఆయన ఆగలేదు. పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగు ఉక్కుతో సొంతంగా ఒకటి చేసుకున్నారు. కొద్దికాలానికే అదే దుకాణం ఆయన కత్తులు అమ్మసాగింది. స్కేగెల్‌ను చూసి రాండల్, రాండల్‌ను చూసి లవ్‌లెస్. చూసి చేయడం తప్పే అయితే, ఈ వరుసలో మొదటివారి తర్వాత ఎవరూ ఉండేవారు కారు.

లవ్‌లెస్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ‘డ్రాప్ పాయింట్’ రూపం అలంకారం కోసం పుట్టింది కాదు. దానిలో అలుగు వెన్ను కొస దాకా మెల్లగా కిందికి వంగి, మొన మధ్య గీతకు దగ్గరగా వస్తుంది. వేటాడిన జింక పొట్టను చీల్చేటప్పుడు మొన లోపలి పేగుల్లో దిగబడదు, మాంసం పాడవదు. పిడిలోకి వెళ్ళే ఉక్కును కొస వైపు పోనుపోను పలుచన చేయడం వల్ల బరువు తగ్గి, కత్తి చేతిలో సమంగా నిలుస్తుంది. పరిశ్రమల కోసం తయారైన 154 సీఎం అనే ఉక్కును 1970ల తొలినాళ్ళలో కత్తుల్లోకి తెచ్చిందీ ఆయనే. ఇదంతా ఆయన గుట్టుగా దాచుకోలేదు. 1970లో ఏర్పడిన నైఫ్‌మేకర్స్ గిల్డ్ వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. 1977లో రిచర్డ్ బార్నీతో కలిసి, కత్తి ఎలా చేయాలో నేర్పే పుస్తకమే వెలువరించారు. నేర్చుకోమని పుస్తకం రాసిన మనిషి రూపాన్ని నేర్చుకున్నవారిని దొంగలనడం ఆయనకే అవమానం.

కొనేవారి వైపు నుంచి చూస్తే, తెలిసిన రూపాన్ని ఎంచుకోవడంలో మరో పెద్ద లాభం ఉంది. పేరు తెలియని తయారీదారు సొంత ఊహతో చేసిన కత్తిని చూసినప్పుడు, ఒక వంపు కావాలని అలా పెట్టారో, చెయ్యి జారి అలా వచ్చిందో చెప్పడం కష్టం. లవ్‌లెస్ రూపంలో ఆ సందేహానికి తావు లేదు. అసలు కత్తి ఫొటోలు ఎన్నో అందుబాటులో ఉన్నాయి, పక్కన పెట్టి చూసుకోవచ్చు. అలుగుకు రెండు వైపులా అరగదీత మొదలయ్యే గీతలు ఒకే చోట ఉన్నాయా? వెన్ను వంపు ఎక్కడైనా విరిగినట్టుందా? అలుగుకూ పిడికీ మధ్య ఉండే లోహపు అడ్డు దగ్గర సందు కనిపిస్తోందా? పిడి ముక్కలు ఉక్కుకు అతుక్కున్న చోట గోరు తగులుతోందా? కాబట్టి ఈ రూపం చేయడం సోమరితనమనే వాదన నిలవదు. అందరికీ తెలిసిన కీర్తన పాడే గాయకుడి తప్పు ఎలా ఇట్టే దొరికిపోతుందో, ఇక్కడా అంతే. తప్పు దాచుకోవడానికి వీల్లేని పనికి ఒప్పుకున్న తయారీదారు మీద నాకు గౌరవం పెరుగుతుంది.

అయితే కంటికి కనిపించేదంతా సరిగ్గా ఉన్నా కత్తి పనికిరాకుండా పోవచ్చు. 154 సీఎం లాంటి ఉక్కును వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు పైగా కాచి, వేగంగా చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో ఉంచి పెళుసుతనం తగ్గించాలి. ఈ క్రమం కుదిరితే రాక్‌వెల్ సీ కొలతలో 60 దగ్గర గట్టిదనం వస్తుంది, వాదర చాలాకాలం నిలుస్తుంది. కుదరకపోతే అంచు మడతపడుతుంది, లేదా పెచ్చులూడుతుంది. అందువల్ల పరిమితమైన డబ్బు ఉన్నవారు దాన్ని దంతం పిడికో, అద్దంలాంటి మెరుగుకో ఖర్చు చేయకూడదు. గుడ్డ పొరలను రెసిన్‌తో అదిమి చేసే మికార్టాతో సాదా పిడి చాలు. డబ్బు ఉక్కు మీదా, దాన్ని కాచే పని మీదా పెట్టాలి. ఆ పనిని ప్రత్యేక కొలిమి ఉన్న సంస్థకు పంపుతానని తయారీదారు చెబితే అదేమీ లోపం కాదు, మంచి సూచన. ఉక్కు పేరే చెప్పకుండా, అలల గీతలు చూపించి ‘డమాస్కస్’ అని అమ్మేవారి దగ్గరే జాగ్రత్త పడాలి. డమాస్కస్ కత్తులకు కీర్తి తెచ్చిన, మూసలో కరిగించి చేసే ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఒకప్పుడు నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం దాకా వచ్చేవారు. ఇప్పుడు ఆ పేరుతో దొరికేవాటిలో అత్యధికం రెండు రకాల ఉక్కులను కలిపి సాగగొట్టి, ఆమ్లంతో గీతలు తేల్చినవి. వాటిలోనూ శ్రేష్ఠమైనవి ఉన్నాయి. కానీ ఆ గీతలు గట్టిదనానికి హామీ కావు.

అంత డబ్బు ఎందుకు, మంచి ఫ్యాక్టరీ కత్తి అందులో మూడోవంతుకే వస్తుంది కదా అని అడగవచ్చు. కోత ఒక్కటే ముఖ్యమైతే ఆ మాట నిజమే, ఫ్యాక్టరీ కత్తే కొనుక్కోవాలి. చేయించుకునే కత్తి విలువ వేరే చోట ఉంది. కొనేవారి అరచేతికి తగ్గట్టు పిడి మందం మారుతుంది. ఎడమచేతి వాటమైతే ఒరను ఆ వైపుకు కుట్టిస్తారు. ఐదేళ్ళ తర్వాత పిడి వదులైతే బాగుచేయడానికి ఒక మనిషి ఉంటాడు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం, జీవించి ఉన్న తయారీదారుల గురించి. వారి కొత్త రూపాన్ని ఎవరో చవగ్గా చేసి అమ్మితే వారి పొట్ట కొట్టినట్టు కాదా? ఇక్కడ నేను గీత గట్టిగానే గీస్తాను. అమెరికాలో డిజైన్ పేటెంట్ ఇచ్చిన రోజు నుంచి 15 ఏళ్ళు రక్షణ ఉంటుంది, దాన్ని దాటడం చట్టవిరుద్ధం. పేటెంట్ లేకపోయినా, ఇంకా ఆ రూపం మీదే బతుకుతున్నవారిని అడగకుండా దాన్ని ఉన్నదున్నట్టు దించడాన్ని నేను సమర్థించను. మర్యాదైన దారులు ఉన్నాయి. మడత కత్తుల్లో క్రిస్ రీవ్ 1980లలో తెచ్చిన లాకు పద్ధతికి ఆయన పేటెంట్ తీసుకోలేదు, పరిశ్రమంతా దాన్ని వాడుకుంటోంది. వంటకత్తులకు పేరుపడ్డ బాబ్ క్రామర్ తన రూపాలను జర్మన్ కంపెనీ జ్విల్లింగ్‌కు అనుమతితో ఇచ్చారు. ఆయన చేత్తో చేసినది కొనలేనివారికి ఆ కత్తి అందుబాటులో ఉంది.

లవ్‌లెస్ విషయంలో మిగిలిన ప్రమాదం ఒక్కటే. ఈనాటి నిజాయితీ అనుసరణ చేతులు మారి, రేపు ఆయన ముద్రతో అసలు ధరకు అమ్ముడుపోవచ్చు. దాన్ని అడ్డుకోగలిగేది మొదటి కొనుగోలుదారే. చేసినవారి సొంత పేరు అలుగు మీద లోతుగా చెక్కించాలి. బిల్లులో ఉక్కు రకం, తయారైన సంవత్సరం, ‘లవ్‌లెస్ రూపాన్ని అనుసరించి చేసినది’ అనే మాట రాయించుకోవాలి. తన పేరు చెక్కడానికి గానీ, ఆ వాక్యం రాసివ్వడానికి గానీ వెనకాడే తయారీదారు దగ్గర, ధర ఎంత తక్కువైనా కొనకూడదు.